ఛాయ ఎవరిది?

డిసెంబరు వచ్చిందంటే చాలు, ఫోనులో ఒక పోస్టు తిరగడం మొదలవుతుంది. మాటలు కాస్త అటూ ఇటూ మారినా సారం ఒకటే. చర్చిలో పాడే ముఖారి, శంకరాభరణం, బిలహరి మా గుళ్ళవి; దేవుణ్ణి మార్చుకున్నవాళ్ళు రాగాలెందుకు ఎత్తుకుపోయారు; పరాయి మతానికి పరాయి సంగీతం ఉంది కదా, అది పాడుకోవచ్చు కదా అని. కింద దండాలు, లైకులు. అదే వారంలో చర్చి వైపు నుంచి ఇంకో వీడియో వస్తుంది. గిటారు, కీబోర్డు, నీలం లైట్లు. కింద ఎవరో భక్తుడి కామెంటు: ఆ పాత కీర్తనల్లో అన్యుల వాసన ఉంటుంది, అసలైన ఆరాధన ఇదీ అని.

వీళ్ళిద్దరూ ఒకరికొకరు బద్ధశత్రువులమనుకుంటారు. నాకు మాత్రం ఇద్దరూ ఒకే మాట అంటున్నట్టుంటుంది: క్రైస్తవానికి ఎక్కడో ఒక అసలు స్వరం ఉంది, అది మాత్రం కృష్ణా డెల్టాది కాదు.

అలాంటి స్వరం ఏనాడూ లేదు. ఈ వ్యాసం ఆ ఒక్క మాట కోసమే.

ముందు పుస్తకం సంగతి. 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' ఎప్పుడూ తెరవనివాళ్ళు ఒకసారి తెరవండి. బెజవాడలో దొరకడం కష్టమేమీ కాదు. సీఎస్ఐ, లూథరన్, బాప్టిస్టు అని సిద్ధాంతాల్లో ఎన్ని తగువులున్నా ప్రొటెస్టంటు తెలుగువాళ్ళందరి చేతుల్లోకీ వచ్చింది ఈ పుస్తకమే. చాలా పాటలకు నెత్తిన రాగం పేరు, తాళం పేరు ఉంటాయి. లోపల పల్లవి, అనుపల్లవి, చరణాలు. కొన్ని పాటల మీద ఇంకో చిన్న మాట కనిపిస్తుంది: 'ఛాయ'. దాని పక్కన మరో పాట మొదలు. అంటే, ఈ పాటను ఫలానా పాట బాణీలో పాడుకోండి అని. స్వరలిపి లేదు, అవసరమూ లేదు. ఆ పాట మీకు వచ్చు కదా, ఇదీ వచ్చేసినట్టే.

ఈ 'ఛాయ'ను చూసి మన సంగీత పండితులు పెదవి విరుస్తారు, సొంత బాణీ లేక అరువు తెచ్చుకున్నారని. కానీ దాని వంశవృక్షం చూడండి. నాలుగో శతాబ్దంలో ఇప్పటి టర్కీ ఆగ్నేయాన నిసిబిస్‌లోనూ, తర్వాత ఎదెస్సాలోనూ ఉన్న ఎఫ్రేము అనే సిరియను కవి వందల కొద్దీ పాటలు రాశాడు. 373లో చనిపోయాడు. ఆయన పాటల రాతప్రతుల్లో ఒక్కో పాట పైన, ఇది ఫలానా పాట 'ఖాలా' మీద పాడాలి అని ఉంటుంది. ఖాలా అంటే సిరియాక్‌లో గొంతు, బాణీ. మన ఛాయ సరిగ్గా అదే పని చేస్తుంది. ఇంకా వెనక్కి వెళ్తే దావీదు కీర్తనలే ఉన్నాయి. 22వ కీర్తన శీర్షికలో హీబ్రూలో 'ఉదయకాలపు లేడి' అనే అర్థం వచ్చే మాటలున్నాయి. అది అప్పట్లో అందరికీ తెలిసిన ఏదో పాట పేరు అయ్యుంటుందని చాలామంది పండితుల అభిప్రాయం. తెలుగు బైబిలు అనువాదకులు అక్కడ ఏ మాట వాడారో తెలుసా? రాగం. ఆ హీబ్రూ పేరు అలాగే ఉంచి, ఆ రాగం మీద పాడమన్నారు. మొత్తం గ్రంథానికి కీర్తనలు అని పేరు పెట్టారు. అన్నమయ్యకీ త్యాగయ్యకీ మనం వాడే మాటే.

ఇక మూలం సంగతి. చాలాకాలం పండితులు ఒక చక్కటి కథ చెప్పుకున్నారు. యెరూషలేము ఆలయం నుంచి సినగోగుకి, సినగోగు నుంచి తొలి సంఘానికి, అక్కడి నుంచి రోముకి ఒకే స్వరధార పారిందని. 1959లో ఎరిక్ వెర్నర్ ఆ రెండు మతాల సంగీతాల మధ్య వంతెన కడుతూ పెద్ద పుస్తకమే రాశాడు. 1980ల్లో జేమ్స్ మెకిన్నన్ వంటివాళ్ళు ఆధారాలు తిరగేసి చూస్తే వంతెన మధ్యలో స్తంభాలు కనపడలేదు. మొదటి శతాబ్దపు సినగోగు ఆరాధనలో కీర్తనలను ఒక క్రమం ప్రకారం పాడేవారనడానికి గట్టి సాక్ష్యం లేదు. చదవడం ఉంది, ప్రార్థన ఉంది. తొలి క్రైస్తవుల పాట ఎక్కువగా ఇళ్ళలో, భోజనాల దగ్గర, ఎవరి ఊరి బాణీలో వాళ్ళు పాడుకున్నదే.

స్వరలిపితో సహా మనకు దొరికిన అతి పాత క్రైస్తవ గీతం ఒక్కటే ఒక్కటి. ఈజిప్టులోని ఆక్సీరింకస్ చెత్తదిబ్బల్లో 1918లో బయటపడింది, 1922లో అచ్చయింది. మూడో శతాబ్దం చివరిది. భాష గ్రీకు, స్వరలిపి గ్రీకు, ఛందస్సు గ్రీకు. అన్యులు తమ నాటకాలకీ దేవతలకీ వాడిన పద్ధతే. అది రాసుకున్నది దేని వెనకో తెలుసా? ధాన్యం లెక్కల కాగితం వెనక. డెల్టా వాళ్ళకి ఇంతకన్నా ఆత్మీయమైన ఆధారం ఇంకేం కావాలి.

'ఎత్తుకుపోయారు' అనే మాటకొద్దాం. ఎదెస్సాలో ఎఫ్రేముకి ముందు బర్దయిసాను అని ఒక తత్త్వవేత్త ఉండేవాడు. 222లో పోయాడు. సంఘం దృష్టిలో మతభ్రష్టుడు. కానీ మనిషి మంచి పాటగాడు. దావీదు లెక్కలో 150 పాటలు కట్టి కుర్రాళ్ళ మనసులు దోచాడని ఎఫ్రేమే వాపోయాడు. మరి ఎఫ్రేము ఏం చేశాడు? బర్దయిసాను కొడుకు హార్మోనియస్ కట్టిన బాణీలకే కొత్త సాహిత్యం రాశాడని ఐదో శతాబ్దపు చరిత్రకారుడు సొజొమెను చెప్తాడు. ఆ పాటలు పాడడానికి ఆడవాళ్ళ బృందాలను నిలబెట్టాడని సిరియన్ల సంప్రదాయం. సిరియాక్ గానానికి తండ్రి అనదగ్గవాడు శత్రువు ఇంటి బాణీ ఎత్తుకున్నవాడే అన్నమాట. అలెగ్జాండ్రియాలో ఆరియసు తన సిద్ధాంతాన్ని ఓడ సరంగులూ తిరగలి విసిరేవాళ్ళూ పాడుకునే తరహా పాటల్లో పెట్టాడని అతని ప్రత్యర్థులు తిట్టిపోశారు. 386లో మిలాను నగరంలో ఆ ఆరియను పక్షానికి కొమ్ముకాసే రాణి జస్టీనా చర్చిని స్వాధీనం చెయ్యమని సైన్యాన్ని పంపితే, బిషప్ అంబ్రోసు లోపల కూచున్న జనానికి నిద్ర పట్టకుండా, ధైర్యం చెడకుండా పాటలు నేర్పాడు. తూర్పు దేశాల పద్ధతిలో నేర్పాడని అగస్టీను రాశాడు. లాటిను పాట పుట్టిల్లు అని చెప్పుకునే మిలానుకే తూర్పు నుంచి ఛాయ.

మరి ఒకే వేరు అయినప్పుడు సిరియన్లు, గ్రీకులు, లాటినువాళ్ళు ఇంత వేరువేరుగా ఎందుకు పాడతారు? వేరు ఒకటి కాదు గనక. రెండో కారణం ఇంకా సాదాది. నోట్లో భాష వేరు. సిరియాక్ పద్యం అక్షరాల లెక్క మీద నడుస్తుంది, ఏడేసి అక్షరాల పాదం ఎఫ్రేము పేరు మీదే ప్రసిద్ధి. అంబ్రోసు లాటిను హ్రస్వదీర్ఘాలు చూసుకుని ఎనిమిదేసి అక్షరాల పాదాలు, నాలుగేసి పాదాల చరణాలు కట్టాడు. తెలుగు గురులఘువుల భాష. ఇంగ్లీషు హిమ్ను ఊనిక మీద నడిచే భాషలో పుట్టింది. ఆ బాణీలో తెలుగు మాటలు కుక్కితే ఏమవుతుందో ఏ పట్నం చర్చిలోనైనా వినండి. హ్రస్వం దీర్ఘమై సాగుతుంది, దీర్ఘం నలిగిపోతుంది, సమాసం నడుమ ఊపిరి తెగుతుంది. దైవభక్తి సరే, చెవికి మాత్రం శిక్ష. ఆదితాళంలో కట్టిన కీర్తన దగ్గర ఈ బాధ లేదు. తెలుగు ఆ నడకలో వందల ఏళ్ళుగా నడుస్తోంది మరి.

అలా ఊరికో రకంగా ఉన్న గానాలు పడమటి దేశాల్లో ఒక్కటిగా ఎలా అయ్యాయి? ఇక్కడే మన 'అసలు స్వరం' భ్రమ పుట్టింది. పావురం రూపంలో పరిశుద్ధాత్మ వచ్చి పోప్ గ్రెగరీ చెవిలో స్వరాలు చెప్పిందని, ఆయన పాడుతుంటే పక్కన లేఖకుడు రాసుకున్నాడని కథ. బొమ్మలు కూడా వేశారు. గ్రెగరీ పోప్‌గా ఉన్నది 590 నుంచి 604 వరకు. ఆ గానానికి స్వరలిపి దొరికేది తొమ్మిదో శతాబ్దం నుంచి. నడుమ జరిగింది పావురం పని కాదు, రాజుల పని. ఎనిమిదో శతాబ్దంలో ఫ్రాంకుల రాజు పెపినూ, అతని కొడుకు షార్లమేనూ తమ రాజ్యమంతా రోము పద్ధతిలోనే పాడాలని ఆజ్ఞాపించారు. షార్లమేను 789 నాటి శాసనంలో ఆ సంగతి ఉంది. రోము పాట ఫ్రాంకుల గొంతుల్లో పడి మూడోదేదో అయింది. దానికే గ్రెగరీ పేరు పెట్టి, పవిత్రం చేసి, మిగతావాటి మీదికి తోలారు. తమాషా ఏమిటంటే, రోము నగరంలోనే 11వ శతాబ్దం నుంచి దొరికే రాతప్రతుల్లో ఉన్న గానం దీనికి భిన్నంగా ఉంటుంది. మిలాను తన పాటను నిలబెట్టుకుంది, అంబ్రోసు అంత పెద్ద పేరు అడ్డం ఉంది కాబట్టి. స్పెయిను వాళ్ళ పాత గానాన్ని 1080లో అధికారికంగా పక్కన పెట్టించారు. వాళ్ళ రాతప్రతులు మాత్రం ఇప్పటికీ ఉన్నాయి, అందమైన స్వర గుర్తులతో సహా. స్వరం పైకి వెళ్తోందో కిందికి దిగుతోందో లీలగా తెలుస్తుంది గానీ ఏ స్వరమో తెలియదు. ఓ పాతిక పాటలు తప్ప మిగిలినవి ఎవరూ పాడలేరు. పాడే నోరు ఆగిపోయాక పుస్తకం ఎంత బాగుండి ఏం లాభం?

మనవాళ్ళకి ఇది కొత్త సంగతేం కాదు. అన్నమయ్య రాగిరేకుల మీద రాగాల పేర్లున్నాయి, స్వరాలు లేవు. ఇవాళ మనం వినే అన్నమయ్య బాణీలు రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ వంటి 20వ శతాబ్దపు వాళ్ళవి. అందులో తప్పేమీ లేదు, చాలా బాగున్నాయి. కానీ చర్చి కీర్తన దగ్గరకు వచ్చేసరికి మాత్రం వెయ్యేళ్ళ పేటెంటు పట్టుకుని నిలబడతాం. ముత్తుస్వామి దీక్షితులు ఈస్టిండియా కంపెనీ బ్యాండు మేళం బాణీలకు సంస్కృతంలో దేవతాస్తుతులు రాశాడు. నొట్టుస్వరాలు అంటారు. 'సంతతం పాహిమాం' బాణీ ఇంగ్లండు రాజుగారి జాతీయగీతానిది. ఆయన తమ్ముడు బాలుస్వామి తెల్లవాళ్ళ ఫిడేలు నేర్చి కర్ణాటక కచేరీకి తెచ్చాడు. వీళ్ళని దొంగలని ఎవరూ అనలేదు, అనకూడదు కూడా. అటు నుంచి ఇటు వస్తే సంగీత సమన్వయం, ఇటు నుంచి అటు వెళ్తే మతమార్పిడి కుట్ర. ఇదెక్కడి లెక్క?

2018 ఆగస్టులో మద్రాసులో ఓ.ఎస్. అరుణ్ క్రైస్తవ గీతాల కచేరీ తలపెడితే రేగిన రభస గుర్తుండే ఉంటుంది. ఆ కచేరీ జరగలేదు. టి.ఎం. కృష్ణ కోపంతో, నెలనెలా యేసు మీదో అల్లా మీదో ఒక కర్ణాటక పాట విడుదల చేస్తానన్నాడు. అప్పుడు వచ్చిన ఆరోపణల్లో ఒకటి, త్యాగరాజ కృతిలో రాముణ్ణి తీసేసి యేసును పెట్టారని. ఎవరైనా నిజంగా అలా చేస్తే దాన్ని నేను వెనకేసుకురాను. అది దొంగతనం అని కూడా అనను, బద్ధకం అంటాను. ఒకరి సాహిత్యంలో పేరు మార్చడం వేరు, ఒక రాగంలో సొంత సాహిత్యం కట్టడం వేరు. ఆ తేడా చూడకుండా రాగానికే కంచె వేసేవాళ్ళతోనే నా తగువు.

కంచె అన్నాక కులం మాట రాక తప్పదు. తెలుగు క్రైస్తవ కీర్తనకు పెద్ద దిక్కు పురుషోత్తమ చౌదరి. డెల్టావాడు కాదు. 1803లో పర్లాకిమిడి వైపు బ్రాహ్మణ కుటుంబంలో పుట్టాడు, 1890 దాకా బతికాడు. తనకు తెలిసిన రాగాలు, తనకు తెలిసిన సంస్కృత సమాసాలు, తన శతక సంప్రదాయం, అన్నీ పట్టుకునే కొత్త మతంలోకి వెళ్ళాడు. ఆయన ఎవరింట్లో ఏం దొంగిలించాడట? సొంత నాలుకను ఎక్కడ వదిలేసి వెళ్ళాలి?

ఆ పాటలు తర్వాత చేరిన చోటు మాత్రం వేరే. బందరులో 1841లో దిగిన రాబర్ట్ నోబుల్ దొర బడి పెట్టింది పై కులాల పిల్లల కోసం. కానీ డెల్టాలో సంఘం పెరిగింది ఆ బడి గదుల్లో కాదు. 1859లో రాఘవాపురం మాలపల్లి పెద్ద పాగోలు వెంకయ్య బాప్తిస్మం తీసుకున్నాక పల్లె తర్వాత పల్లె కదిలింది. కృష్ణ దాటితే, ఒంగోలు వైపు 1878 జూలైలో ఒక్కరోజే 2,222 మంది మాదిగలూ ఇతరులూ నీళ్ళలో మునిగి లేచారు. వీళ్ళకి గుడి లోపలికి ప్రవేశం లేదు, సంగీతం పాఠం చెప్పే గురువు అరుగు మీద చోటు లేదు. అలాంటి పల్లెలో, తాటాకు కప్పిన ప్రార్థనాలయంలో, బడి పంతులు పాడి వినిపిస్తే జనం శంకరాభరణం పాడారు. ఏ సభ అనుమతీ అడగలేదు. కోపం రావలసిన చోటు అదే, వచ్చింది కూడా అందుకే. దొంగతనం అనే మాట పైపైది, లోపల ఉన్నది 'వీళ్ళు పాడటమేమిటి' అన్నదే.

అలాగని వాళ్ళకి రాగం చర్చితోనే పరిచయమైందనీ అనుకోకండి. మాలదాసరులు ఊరూరా తిరిగి విష్ణుకథలు పాడినవాళ్ళు. చిందు మాదిగలు భాగవతాలు ఆడినవాళ్ళు. వీధినాటకంలో శోకం వచ్చినచోట ముఖారి వినడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మొవ్వ క్షేత్రయ్య పదాలూ కూచిపూడి భాగవతులూ ఉన్న సీమ ఇది. ఇక్కడి మట్టిలో రాగం ఏ ఒక్క పేటకో పరిమితం కాలేదు. రాసిపెట్టుకునే హక్కు మాత్రమే ఒక పేటకి పరిమితమైంది.

కాథలిక్కుల దారి ఇంకొకటి. 1960ల దాకా పూజ లాటినులోనే. 1924లో గుణదల కొండ మీద మేరీమాత విగ్రహం నిలిచాక, ఫిబ్రవరి ఉత్సవాల్లో జనం తలనీలాలిచ్చారు, కొబ్బరికాయలు కొట్టారు, తెలుగులో పాడారు. పీఠం దగ్గర లాటిను, మెట్ల మీద తెలుగు. 1963లో వాటికను మహాసభ ఆరాధన మీద వెలువరించిన పత్రంలో గ్రెగరీ గానానికి పెద్దపీట వేస్తూనే, మిషను దేశాల ప్రజల సొంత సంగీతానికి తగిన గౌరవం ఇవ్వాలని కూడా రాశారు. మెట్ల మీది జనం అప్పటికే ఆ పని చేసేశారు.

ఇక ఇంటి పోరు. కీర్తనను 'అన్యుల వాసన' అనే పాస్టర్లకు లవొదికయ సభ గుర్తు చెయ్యాలి. నాలుగో శతాబ్దంలో ఆ సభ, నియమించిన గాయకులు తప్ప మరెవరూ చర్చిలో పాట ఎత్తకూడదంది. వ్యక్తులు కట్టిన పాటలు పనికిరావంది. కొత్త పాటలంటే భయం, జనం నోరంటే ఇంకా భయం. ఇవాళ వేదిక మీద నలుగురు మైకులు పట్టుకుని పాడుతుంటే కింద వెయ్యి మంది చేతులెత్తి ఊగుతున్నారు. పాడుతున్నది మాత్రం ఆ నలుగురే. లవొదికయ తీర్మానం లౌడ్‌స్పీకర్ల సాయంతో ఇన్నాళ్ళకి అమలవుతోంది. గిటారు మీద నాకు కోపం లేదు. ఎఫ్రేము బతికుంటే మొదట గిటారే పట్టుకునేవాడేమో. కానీ సిడ్నీ చర్చి బాణీని 'అసలైన ఆరాధన' అనీ, మీ నాయనమ్మకు కంఠతా వచ్చిన నలభై కీర్తనలను అన్యం అనీ అనడం షార్లమేను చేసిన పనే. ఆయనకైనా చేతిలో రాజ్యం ఉంది, వీళ్ళకి యూట్యూబు ఛానెలే ఉంది.

సాహిత్యంవాళ్ళూ తప్పించుకోలేరు. జాషువా 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. పద్యం కాబట్టి పండితుల గడప దాటింది. ఆ పద్యాల కన్నా ఎన్నో రెట్లు ఎక్కువమంది తెలుగువాళ్ళ నోళ్ళలో నూటయాభై ఏళ్ళుగా నానుతున్న కీర్తనలకు మన సాహిత్య చరిత్రల్లో దక్కింది ఎంత? ఉంటే ఒక పేరా, ఆ పేరాలో మిషనరీల సేవ. పదకవిత మీద ఇన్ని సిద్ధాంత వ్యాసాలు వచ్చాయి కదా, తెలుగు పదం మతం మారినప్పుడు దాని భాషకు ఏమైంది, సంస్కృత సమాసాన్ని మాలపల్లి నోరు ఎలా విడగొట్టుకుంది, శృంగార పదంలోని 'సామి' ఈ పాటలోకి ఎలా వచ్చాడు అని అడిగినవాళ్ళెందరు?

అడగాల్సినవాళ్ళకి సమయం కూడా ఎక్కువ లేదు. పుస్తకంలో ముఖారి అని ఉన్న పాట ఊళ్ళో వింటే ముఖారిలా ఉండకపోవచ్చు. ఆ తేడాను అపస్వరం అని దిద్దడానికి వెళ్ళే విద్వాంసుడు ఎంత ప్రమాదమో, ఒకే ఆర్కెస్ట్రాతో అన్నిటినీ 'ప్రామాణికంగా' రికార్డు చేసేసే నిర్మాత కూడా అంతే ప్రమాదం. కావలసింది ఇంకోటి. అవనిగడ్డ వైపు ఒక ముసలమ్మ, నందిగామ వైపు ఇంకొక ముసలమ్మ, గుడివాడ దగ్గర ఒక రిటైరైన బడి పంతులు అదే కీర్తన ఎలా పాడతారో మూడూ విడివిడిగా, హార్మోనియం లేకుండా, తప్పులతో సహా రికార్డు చెయ్యాలి. ఎవరి దగ్గర నేర్చుకున్నారో అడిగి పేరు రాసుకోవాలి. పక్కన ఆ పాట ఛాయ ఏ పాటో, ఆ పాటకి ఛాయ ఇంకే పాటో వెతకాలి. ఆ వెతుకులాటలో ఒక జావళి తగిలినా, ఒక దాసరి పాట తగిలినా, ఒక ఇంగ్లీషు బ్యాండు మేళం తగిలినా కంగారు పడకుండా అదీ రాసుకోవాలి. ఫోన్లు అందరి దగ్గరా ఉన్నాయి. ఆ ముసలమ్మలే రోజురోజుకీ తగ్గిపోతున్నారు.